నాన్న ఎక్కడున్నాడమ్మా?

అమ్మాయీ,

నీ రాతప్రతి రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని. మార్జిన్‌లో గీతలు ఎక్కువయ్యాయని బెంగపడకు. బాగాలేని కథ మీద నేను పెన్సిల్ అరగదీయను.

వైద్యం చదువుకోడానికి చైనా వెళ్లినదానివి, గది అద్దెకిచ్చిన ముసలావిడ చిన్నతనం మొత్తం మూటగట్టుకుని వచ్చావు. 1940ల నాటి షాంఘై, తల్లి పోయిన పిల్ల, తండ్రి రెండో పెళ్లి, ఇంట్లో ఎవరికీ అక్కర్లేని కూతురు. సరుకు గట్టిదే. వండడంలోనే తొందరపడ్డావు.

రెండో అధ్యాయంలో సవతితల్లి గుమ్మం దాటీదాటగానే పిల్ల జుట్టు పట్టుకుని ఈడ్చింది. నాలుగు పేజీలు తిప్పేసరికి పళ్లెం విసిరింది. ఆ తర్వాత అట్లకాడ కాల్చి వాత పెట్టింది. షాంఘైలో అట్లకాడ ఎక్కడిదని అడగనులే. ఇలాంటివి జరగవనీ అనను. కానీ ఇరవయ్యో పేజీకే వాత పెట్టించేస్తే నూట ఇరవయ్యో పేజీలో ఆవిడ చేత ఏం చేయిస్తావు?

చైనాలో తల్లిదండ్రుల మీద భక్తి నేర్పడానికి పిల్లలకు చెప్పే పాత కథలు 24 ఉన్నాయి. అందులో ఒకటి మిన్ జిచియన్‌ది. పెద్దయ్యాక కన్ఫ్యూషియస్‌కు శిష్యుడయ్యాడు. చిన్నప్పుడు మారుతల్లి తన ఇద్దరు కొడుకుల చలికోట్లలో దూది పెట్టి కుట్టింది, ఇతని కోటులో రెల్లుపూలు కూరింది. చూడ్డానికి మూడూ ఒకేలా ఉన్నాయి. తండ్రి బండి తోలమంటే చలికి వేళ్లు కొంకర్లు పోయి పగ్గాలు జారవిడిచాడు. బద్ధకమనుకుని తండ్రి కొట్టాడు. కోటు చిరిగి రెల్లు గాల్లోకి ఎగిరింది.

ఆ కోటు గురించి కాసేపు ఆలోచించు. పిల్లాడు 'చలేస్తోంది' అంటే ఎవరైనా 'కోటు వేసుకున్నావుగా' అనే అంటారు. నా చిన్నప్పుడు మా వీధిలో ఒకింట్లో అందరికీ గడ్డపెరుగు వడ్డించి, మొదటి భార్య కూతురికి మాత్రం అడుగున మిగిలినదాంట్లో నీళ్లు కలిపి పోసేవాళ్లు. 'దానికి పెరుగు పడదు' అనేది ఆవిడ. పదేళ్లపాటు వీధి వీధంతా నమ్మాం.

నీ ముసలావిడ నీకిచ్చిన రెల్లుకోటు నీ దగ్గరే ఉంది. 31వ పేజీలో ఒక్క వాక్యంలో పారేశావు. కొత్త సంవత్సరం రోజున పిల్లలు వరసగా నిలబడి పెద్దలకు వంగి దండం పెట్టి, ఎర్ర కాగితంలో చుట్టిన డబ్బు రెండు చేతులతో అందుకుంటారు. పెద్దల ఎదుట విప్పి చూడకూడదు. ఈ పిల్ల పొట్లంలో ఏమీ లేదు. వచ్చిన చుట్టాలందరూ ఆమెకూ ఇవ్వడం చూశారు. ఆమె కూడా అందరితోపాటు నవ్వి కృతజ్ఞతలు చెప్పాలి. అమ్మాయీ, ఇది దొరికాక నీకు వాతతో పనేముంది? ఒక అధ్యాయమంతా ఇదే రాయి. పొట్లం బరువు చేతికి తెలిసిన క్షణం దగ్గర కథను కాసేపు ఆపు.

అది ఏ ఏడాదో కూడా తేల్చుకో. ఆవిడకు అప్పుడు తొమ్మిదేళ్లని రాశావు కాబట్టి 1949 అయ్యుండాలి. ఆ ఏడు వాళ్ల కొత్త సంవత్సరం జనవరి 29న వచ్చింది. అంతకు రెండు వారాల ముందే, అంతర్యుద్ధంలో, ఉత్తర చైనాలోని తియాంజిన్ నగరం కమ్యూనిస్టు సేనల చేతికి పోయింది. షాంఘై వంతు మే నెలలో వచ్చింది. నువ్వేమో ట్రామ్ టికెట్టు 1946లోనూ రెండు యువాన్లే, 1949లోనూ రెండు యువాన్లే అని రాశావు! 1948 ఆగస్టులో 30 లక్షల పాత యువాన్లకు ఒక్క కొత్త 'గోల్డ్ యువాన్' ఇచ్చారు. కొన్ని నెలలకు అదీ చిత్తుకాగితమైంది. అంటే మిగతా పిల్లల పొట్లాల్లో ఉన్నది కూడా నాలుగు రోజులు పోతే మిఠాయికైనా చాలని నోటే. ఆ నోటు కూడా పెట్టలేదు సవతితల్లి.

పిలుపుల సంగతి చిన్నది గానీ చెప్పాలి. తండ్రి చెల్లెల్ని 'ఆంటీ' అన్నావు. వాళ్లు 'గుగు' అంటారు, మనకు 'మేనత్త' ఉంది. 'నైనై' అంటే నాయనమ్మ, అమ్మమ్మకు వేరే మాట ఉంది. వాళ్లకూ మనకూ ఇన్ని వరసలుండగా మధ్యలో ఇంగ్లీషు ఎందుకు? సామెతల దగ్గర మాత్రం జాగ్రత్త. నాయనమ్మ చేత 'ఆడపిల్ల ఈడపిల్ల కాదు' అనిపించావు. ఆ శ్లేష చైనా ముసలావిడ నోట ఎలా పలుకుతుంది? పెళ్లి చేసి పంపిన కూతురు పారబోసిన నీళ్లని వాళ్లకో సామెత ఉంది. దాన్నే వాడు.

ఇప్పుడు అసలు సంగతి. నీ కథలో నాన్న ఎక్కడున్నాడు?

నూట నలభై పేజీల్లో మూడుసార్లు కనిపించాడు. రెండుసార్లు పేపరు చదువుతున్నాడు. ఒకసారి 'ఆయన మంచివాడే' అని నువ్వే చెప్పావు.

చైనాలో సిండ్రెల్లా లాంటి కథ ఉంది, యె షియన్ అనే అమ్మాయిది. దువాన్ చెంగ్‌షి అనే చైనా రచయిత 9వ శతాబ్దంలోనే రాసిపెట్టాడు. మనకు తెలిసిన ఫ్రెంచి కథ అచ్చయింది 1697లో. యె షియన్ పెంచుకున్న చేపను సవతితల్లి ఆ పిల్ల బట్టలే కట్టుకెళ్లి, నమ్మించి చంపుతుంది. అందులో నాన్న ముందే చచ్చిపోతాడు. రాసేవాళ్లకు అది హాయి, చచ్చిపోయినవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. రెల్లుకోటు కథలో తండ్రికి చివరికి తెలిసి భార్యను వెళ్లగొడతానంటాడు. 'అమ్మ ఉంటే ఒక్కడికే చలి, పోతే ముగ్గురికీ చలి' అని కొడుకే ఆపుతాడు. తరతరాలుగా ఆ జవాబునే మెచ్చుకున్నారు. నాకు మాత్రం, అన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉన్న తండ్రి ఆ పిల్లాడి చేతులు ఒక్కసారైనా ఎందుకు పట్టుకుని చూడలేదా అనిపిస్తుంది.

బతికున్న నాన్నను చూడాలంటే ఎడలిన్ యెన్ మా అనే రచయిత్రి చెప్పుకున్న తన చిన్నతనం చూడు. 1937లో తియాంజిన్‌లో పుట్టింది. ఆ కాన్పుతోనే తల్లి పోతే, తల్లిని పొట్టన పెట్టుకున్న పిల్లని ఇంట్లోవాళ్లే ముద్ర వేశారు. 1948లో, జనం తియాంజిన్ వదిలి పారిపోతుంటే, తండ్రి ఆమెను అదే ఊళ్లో హాస్టల్లో వదలడానికి తీసుకెళ్లాడు. దారిలో ఏదో ఫారం నింపాల్సి వచ్చింది. కూతురి చైనా పేరు గుర్తు రాలేదు. పుట్టినరోజూ గుర్తు లేదు. కాసేపు ఆలోచించి తన పుట్టినరోజు, నవంబరు 30, వేశాడు. ఇప్పటికీ ఆమె పుట్టినరోజు అదేనని ఎక్కడ చూసినా ఉంటుంది. నీ పళ్లేలూ వాతలూ అన్నీ కలిపినా ఆ తేదీకి సరిరావు.

అందుకని మీ ముసలావిడకు ఇంకోసారి ఫోన్ చెయ్యి. పొట్లాలు పంచుతున్నప్పుడు నాన్న ఏ కుర్చీలో కూర్చున్నాడో, ఆ పొట్లం ఆయన చేతి మీదుగా వచ్చిందో, సవతితల్లి చేతి మీదుగా వచ్చిందో అడుగు. ఖాళీదని ఆయనకు తెలుసా అని మాత్రం నువ్వు అడగొద్దు, ఆవిడే చెబితే విను. మాట మార్చేస్తే ఎక్కడ మార్చిందో రాసుకో.

అక్కడ టైము మనకన్నా రెండున్నర గంటలు ముందు. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చేద్దామనుకునేవు, ఆవిడ పడుకునే వేళ అయిపోతుంది.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు పెద్దావిడ