పాపని ఒకటో తరగతిలో వేసే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. పాపని యూకేజీ వదిలేసి ఈ జూన్‌లో నేరుగా ఒకటో తరగతిలో వేస్తున్నారట. స్కూలువాళ్లు టెస్ట్ పెట్టారనీ, పాప గడగడా చదివేసిందనీ, ప్రిన్సిపాల్ మెచ్చుకున్నారనీ ఒకటే సంబరం వాడికి. నాకూ సంతోషమే. మన ఇంటి పిల్ల షాపు బోర్డులు చదువుతుంటే నాకు కాక ఇంకెవరికి గర్వం? కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెప్తే సగంలోనే "సరే అత్తా, ఆలోచిస్తాం" అంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు చిన్న పనులు చెప్పేస్తాను. ఆగస్టులో పాపకి ఐదు నిండగానే ఆధార్‌కి వేలిముద్రలు, కళ్ల స్కాన్ ఇప్పించండి. పసిప్పుడు తీసిన కార్డులో అవి ఉండవు. ఐదు నుంచి ఏడేళ్ల లోపు ఆ పనికి డబ్బులు తీసుకోరు. ఐదేళ్లప్పుడు వేసే డీపీటీ బూస్టర్ టీకా మర్చిపోకండి. ఆగస్టు 10, ఫిబ్రవరి 10 నులిపురుగుల దినాలు. మాత్ర ఇచ్చే రోజు టిఫిన్ తినిపించకుండా పంపకు. బ్యాగు నువ్వే తూకం వెయ్యి. ఒకటి, రెండు తరగతులకి కిలోన్నర దాటకూడదని తెలంగాణలో 2017లోనే ఉత్తర్వు ఇచ్చారు. రెండో తరగతి దాకా హోంవర్కే వద్దని 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీలో ఉంది. తెలుగు చెప్పరేమోనన్న బెంగ అక్కర్లేదు. తెలంగాణలో 2018 చట్టంతో అది తప్పనిసరి అయింది. ఎవరు చెప్తారో, వారానికి ఎన్ని పిరియడ్లో మాత్రం అడుగు.

ఇక చదువు సంగతి. పాప బోర్డులు చదువుతోంది అన్నారు కదా, ఒక పని చెయ్యి. పలక మీద "కమల" అని రాసి చదివించు. తర్వాత అవే అక్షరాలు తిప్పి "మలక" అని రాయి, "కలమ" అని రాయి. అవి కూడా చదివితే పిల్లకి నిజంగా చదవడం వచ్చినట్టే. ఆ వయసులో చాలామంది పిల్లలు అక్షరాలు చూడరు. మొత్తం మాటని బొమ్మలా గుర్తుపెట్టుకుంటారు, రంగు చూసి, ఆకారం చూసి పేరు చెప్పేస్తారు. అది తెలివే, కాదనను. కానీ ఒకటో తరగతి పుస్తకం చేతికొచ్చాక ఆ తెలివి చాలదు. అంకెలూ అంతే. వంద దాకా పాటలా చెప్తారు. పళ్లెంలో చింతపిక్కలు పోసి ఏడు ఇవ్వమను. ఏడు దగ్గర ఆగుతుందా, గుప్పెడు తీసి నీ చేతిలో పోస్తుందా చూడు. పరీక్షలా చెయ్యకు తల్లీ, ఆటలాగే చెయ్యి. పోసినా నవ్వు.

అసలు ఆ టెస్ట్ ఏమిటి? చేర్చుకునేటప్పుడు పిల్లలకి గానీ, తల్లిదండ్రులకి గానీ పరీక్ష పెట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్‌లో ఉంది. పిల్లని మెచ్చుకున్నారని మురిసిపోయి మీరిద్దరూ ఆ మాటే అడగలేదు. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం మూడేళ్లు ఆటపాటలు అయ్యాక, ఆరేళ్లు నిండాకే ఒకటో తరగతి. జూన్ 12న బడి తెరిచేనాటికి మన పాపకి నాలుగేళ్ల పది నెలలు. మీ పెద్దబావకైతే అప్పటికి నాలుగేళ్ల నాలుగు నెలలే. వాడి సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

మీ బావ 1986 ఫిబ్రవరిలో పుట్టాడు. 1990 జూన్‌లో వాణ్ణి నా బళ్లోనే ఒకటో తరగతిలో కూర్చోబెట్టాను. మా అత్తగారు ఆ వేసవిలోనే పోయారు. ఇంట్లో చూసే దిక్కు లేదు. రిజిస్టర్లో ఐదేళ్లు నిండాలి కాబట్టి, పుట్టిన తేదీ 10-6-1985 అని నా చేత్తోనే రాశాను. అప్పట్లో అందరం అలాగే రాసేవాళ్లం. మా బడి రిజిస్టరు తీస్తే సగం మంది పిల్లలు జూన్‌లోనే పుట్టినట్టు ఉండేది.

అది ఏకోపాధ్యాయ పాఠశాల. ఐదు తరగతులకీ నేనొక్కదాన్నే. టీచరమ్మ కొడుకుని ముద్దు చేస్తోందన్న మాట రాకూడదని వాడితో అందరికన్నా కచ్చితంగా ఉండేదాన్ని. బళ్లో అమ్మా అనకూడదు, టీచర్ అనాలి అని ముందు రోజు రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని మరీ నేర్పాను. వాడి వేళ్లలో బలపం నిలిచేది కాదు. పిడికిలితో పట్టుకునేవాడు. "అ" రాయమంటే సున్నా చుట్టి పక్కన గీత పెట్టేవాడు. వాడి వేళ్ల మీద నా వేళ్లు వేసి నొక్కి దిద్దించేదాన్ని. సాయంత్రానికి చూపుడువేలు కందిపోయేది. ఆ వయసులో మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా తయారవవని చాలా ఏళ్ల తర్వాత ఒక ట్రైనింగ్‌లో చెప్పారు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేకపోయాను.

జూలైలో ఒకరోజు వాన పడుతోంది. నేను నాలుగో తరగతి వాళ్ల లెక్కలు దిద్దుతున్నాను. వాడు చిటికెనవేలు చూపించాడు. "ముందు ఆ వరస పూర్తి చెయ్యి" అన్నాను. కాసేపాగి మళ్లీ చూపించాడు. నేను చూశాను. చూసి కూడా తల దించుకుని దిద్దుతూనే ఉన్నాను. తర్వాత పిల్లల నవ్వులు వినపడ్డాయి. వాడు పలక ఒళ్లో పెట్టుకుని, తడిసిన లాగు దాచుకుంటూ కూర్చున్నాడు. ఏడవలేదు. నా వైపు చూసి "టీచర్, వరస అయిపోయింది" అన్నాడు.

అమ్మా అని ఉంటే ఎత్తుకునేదాన్నేమో. "ఇంటికెళ్లి లాగు మార్చుకుని రా" అన్నాను. ఆ వానలో అంత చిన్న పిల్లాడు ఒక్కడే వెళ్లి, మార్చుకుని వచ్చి, అదే చోట కూర్చున్నాడు.

మర్నాటి నుంచి పొద్దున్నపూట మంచినీళ్లు తాగడం మానేశాడు. నాకు తెలియలేదు. ఆగస్టు ఆఖర్లో జ్వరం వచ్చింది, ఒంటికి వెళ్తే మంట అని ఏడుపు. గుంటూరు తీసుకెళ్తే డాక్టరుగారు మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. "బాబు నీళ్లు తాగుతున్నాడా అమ్మా?" అని అడిగారు. బళ్లో 32 మంది పిల్లలుంటే ఎవరికి ఏ గుణింతం రాదో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. నా బిడ్డ నీళ్లు తాగుతున్నాడో లేదో చెప్పలేకపోయాను.

చదువు నాలుగో తరగతికల్లా అందుకున్నాడు. ఆటల్లో అందుకోలేదు. కబడ్డీలో వాణ్ణి ఎప్పుడూ ఆఖర్న కోరుకునేవాళ్లు, ఒక్కోసారి అదీ లేదు. పదో తరగతి సర్టిఫికెట్లో నేను రాసిన తేదీయే పడింది. ఇప్పటికీ ఆఫీసువాళ్లు పుట్టినరోజు శుభాకాంక్షలు జూన్‌లో చెప్తారు, ఇంట్లో నేను పాయసం ఫిబ్రవరిలో వండుతాను. ఎనిమిది నెలల ముందే రిటైరవుతాడు. వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

అందుకే చెప్తున్నాను, స్కూలుకి వెళ్లినప్పుడు స్మార్ట్‌బోర్డు చూసి రాకు. బాత్రూమ్ చూడు. గొళ్లెం పాప చేతికి అందుతుందా, లోపల వేసుకుంటే తనే తీసుకోగలదా, నీళ్లు వస్తున్నాయా? ఆయా ఎక్కడ కూర్చుంటుంది? పిరియడ్ మధ్యలో పంపుతారా, బెల్ కొట్టేదాకా ఆగమంటారా? ఆ యూనిఫాం బెల్టు, హుక్కులు పాప తనంతట తను తీసి పెట్టుకునేలా ఈ సెలవుల్లోనే అలవాటు చెయ్యి. బడి నుంచి రాగానే డైరీ తెరవకు, ముందు నీళ్ల సీసా ఎత్తి చూడు. నిండుగా వెనక్కి వస్తే ఆ రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని మెల్లిగా అడుగు. మూడు రోజులు అలాగే వస్తే టీచర్ని కలువు.

టీచరు మీద ముందే కోపం పెట్టుకోకు. ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక టీచరు ఉండాలని చట్టం చెప్తుంది. ఆ అమ్మాయికి ఎంతమంది ఉన్నారో అడిగి తెలుసుకో. మామూలుగా, అక్కలా మాట్లాడు. కొట్టారనో, నలుగురిలో అవమానించారనో తెలిస్తే మాత్రం ఊరుకోవద్దు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ రెండింటినీ ఒప్పుకోదు. ధైర్యంగా అడుగు, అల్లుడుగారిని కూడా తీసుకెళ్లు.

ఒక ఏడాది కలిసొస్తుంది అన్నారట అల్లుడుగారు. ఎక్కడ కలిసొస్తుంది నాన్నా? పదో తరగతి పద్నాలుగేళ్లకే రాయించి ఏం చేస్తారు? నా మాటగా చెప్పు, పాపని యూకేజీలోనే ఉంచండి. మీరు తల్లిదండ్రులు, చివరి నిర్ణయం మీదే. నేను అలగను. కానీ ఆరు నిండేదాకా ఆగిన పిల్ల నష్టపోవడం నా 33 ఏళ్ల సర్వీసులో చూడలేదు.

నీకు గుర్తుందో లేదో, వేసవి సెలవులకి మా ఇంటికొచ్చినప్పుడు బడి ఆట ఆడేదానివి. నువ్వు టీచరువి, నేను పిల్లని. కొబ్బరి ఈనె పట్టుకుని "చేతులు కట్టుకో" అనేదానివి. నీకప్పుడు ఐదేళ్లు కూడా లేవు. అది ఎవర్ని చూసి నేర్చుకున్నావో నాకు తెలుసు. ఆ సాయంత్రమే నా బెత్తం పొయ్యిలో పెట్టాను. నువ్వు నాకు చేసిన మేలు అది, ఇన్నాళ్లూ చెప్పనే లేదు.

దసరా సెలవులకి పాపని తీసుకురా. చింతపిక్కలు కడిగి ఎండబెట్టి డబ్బాలో పోసి ఉంచాను. మీ బావ కూడా వస్తానన్నాడు. ఏ తరగతిలో వేసినా సరే, సోమవారం వెళ్లి ఆ గొళ్లెం చూసి నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ అత్తయ్య