చెవి కింద గడ్డ.. రెండు ల్యాబ్‌లు, రెండు మాటలు!

ప్రశ్న: నా వయసు 46. మాది హైదరాబాద్, మల్కాజ్‌గిరి. ఎడమ చెవి తమ్మె కింద రెండేళ్లుగా ఉసిరికాయంత గడ్డ ఉంది. నొప్పి లేదు. సూది పరీక్ష చేసి ఒక ల్యాబ్‌వాళ్లు ‘ప్లియోమార్ఫిక్ అడినోమా’ (క్యాన్సర్ కాని గడ్డ) అన్నారు. అవే స్లైడ్లు ఇంకోచోట చూపిస్తే ‘కణితే, క్యాన్సరో కాదో చెప్పలేం’ అని రాశారు. చిన్న ముక్క కోసి పరీక్షకు పంపితే తేలిపోతుంది కదా అంటున్నారు మావారు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు

జవాబు: ముక్క మాత్రం కోయించకండమ్మా. గవదబిళ్లలప్పుడు ఉబ్బుతుందే, పెరోటిడ్ అనే ఆ లాలాజల గ్రంథి ఉండే చోటది. ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథిలోంచే వెళ్తూ కొమ్మలుగా చీలుతుంది. పైగా ప్లియోమార్ఫిక్ అడినోమా అయితే దాని పైపొర చాలా పల్చన. కోస్తే కణాలు చుట్టూ చింది, కొన్నేళ్లకు ఒకటి పోయి పది బుడిపెలు లేవొచ్చు. అలా తిరగబెట్టిన గడ్డకు మళ్లీ ఆపరేషన్ అంటే మాకే టెన్షన్.

రెండో ల్యాబ్‌వాళ్లు చేతగాక అలా రాయలేదు. లాలాజల గ్రంథుల సూది పరీక్ష రిపోర్టులు రాయడానికి 2018లో వచ్చిన మిలాన్ విధానంలో ఇలాంటి వాటికి విడిగా ఒక తరగతే ఉంది. అన్నం ఉడికిందా అంటే ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. ఈ గడ్డల దగ్గర ఆ లెక్క కుదరదు. కొన్నింటిలో క్యాన్సరా కాదా అన్నది గడ్డ అంచు చూస్తేనే తెలుస్తుంది. పక్క కణజాలంలోకి చొచ్చుకుపోయిందా, తన హద్దులోనే ఉందా? సూదికి ఆ అంచు రాదు. కణాల మధ్య ఉండే ఊదారంగు జిగురు కూడా మమ్మల్ని తికమక పెడుతుంది. అడినోమాలో అది పీచుపీచుగా కణాల్లో కలిసిపోతుంది. అడినాయిడ్ సిస్టిక్ క్యాన్సర్‌లో అంచులు తేరిన గుండ్రటి పూసల్లా ఉంటుంది. అన్ని స్లైడ్లూ ఇంత చక్కగా కుదరవు మరి!

పెరోటిడ్ గడ్డల్లో నూటికి 75–80 క్యాన్సర్ కానివే. అయినా ఒకసారి అద్దం ముందు కళ్లు గట్టిగా మూసి, పళ్లు చూపించి నవ్వండి. ఒక కన్ను పూర్తిగా మూతపడకపోయినా, మూతి ఒకపక్కకు లాగినా ఆలస్యం చేయొద్దు. గడ్డ గబగబా పెరిగినా, కదలకుండా అతుక్కుపోయినా, మెడలో బిళ్లలు కట్టినా అంతే. ఇవేవీ లేవని ఏళ్ల తరబడి వదిలేయడమూ తప్పే. అడినోమా కూడా కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది.

ముందు కాంట్రాస్ట్ ఎంఆర్‌ఐ చేయించి, హెడ్ అండ్ నెక్ సర్జన్‌ను కలవండి. సాధారణంగా నరాన్ని కాపాడుతూ, చుట్టూ కొంత గ్రంథితో సహా గడ్డను చీలకుండా తీస్తారు. అసలు పేరు తేలేది ఆ గడ్డ మొత్తాన్ని పరీక్షించాకే. అవసరమైతే జన్యు పరీక్షలూ చేస్తారు. 2010లో విడిగా గుర్తించిన ‘సెక్రెటరీ కార్సినోమా’ అనే లాలాజల గ్రంథి క్యాన్సర్ అంతకుముందు వేరే పేర్లతో చలామణీ అయిందంటే, ఈ గడ్డలు ఎంత ఏమారుస్తాయో చూడండి.

రెండో అభిప్రాయానికి నిమ్స్‌కో, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లాలనుకుంటే వాట్సాప్‌లో రిపోర్టు ఫొటో ఒక్కటే పట్టుకెళ్లకండి. చాలామంది అదే చూపిస్తారు, దాంతో మేం చెప్పగలిగేది ఏమీ ఉండదు. మీ స్లైడ్లు ఇప్పుడు రెండో ల్యాబ్‌లోనే ఉండి ఉంటాయి. రసీదు తీసుకెళ్లి అడిగి తెచ్చుకుని, వాటినే పట్టుకెళ్లండి.