జుబైల్‌కు కుటుంబంతో వెళ్ళేవారు ఎండ కంటే ముందు అడగవలసిన సంగతి

హనుమకొండ నుంచి సౌదీలోని జుబైల్ పారిశ్రామిక నగరానికి ఉద్యోగం మీద వెళ్తున్న ఒకరు, అక్కడి ఎండను తట్టుకోగలమా, ఖర్చు నిజంగానే తక్కువా, భార్యాపిల్లలను వెంట తీసుకెళ్ళవచ్చా అని అడిగారు. నాదీ హనుమకొండే, కాపురం మాత్రం కొన్నేళ్ళుగా జుబైల్‌లో.

ఎండకు మీరు భయపడనవసరం లేదు. రామగుండంలో మే నెల గడిపినవాళ్ళకు నలభై అయిదు డిగ్రీలు కొత్త కాదు. అయితే మనది పొడి ఎండ. నీడకు వస్తే ప్రాణం కుదుటపడుతుంది, కూలర్‌లో నీళ్ళు పోస్తే గది చల్లబడుతుంది. జుబైల్ సముద్రపు ఒడ్డున ఉంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గాలి నిండా తేమ ఉండడం వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, ఆ కారణంగానే అక్కడ కూలర్ ఉన్నా లేనట్టే. వీసా ఇప్పించే ఏజెంట్లు "మన దగ్గరి వేడే కదా సార్" అంటుంటారు. వాళ్ళలో ఎవరైనా సెప్టెంబరు సాయంత్రం అక్కడ బస్సు కోసం నిలబడ్డారా అని నాకు గట్టి అనుమానం.

మా అమ్మ విజిట్ వీసా మీద వచ్చింది సరిగ్గా ఆగస్టులోనే. మర్నాడు పొద్దున నల్లా తిప్పి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకొని, "గీజర్ బందు పెట్టలేదా బిడ్డా?" అని అడిగింది. గీజర్ బందే ఉంది. కాగి ఉన్నది మిద్దె మీది ట్యాంకు. వేసవిలో అక్కడివాళ్ళంతా చేసే పని ఒకటుంది. గీజర్ స్విచ్చి ఆపేస్తే, ఏసీ నడిచే ఇంట్లో దాని లోపలి నీళ్ళు చల్లారి ఉంటాయి కనుక, వేడినీళ్ళ నల్లాలో చల్లని నీళ్ళూ చన్నీళ్ళ నల్లాలో ఉడుకు నీళ్ళూ వస్తాయి. కింది అంతస్తులో ఉండే జగిత్యాల ఆమె ఈ కిటుకు చెప్పేదాకా అమ్మ స్నానానికి రాత్రే బకెట్లు నింపి గదిలో పెట్టుకునేది. ఇంత ఎండ వృథాగా పోతున్నదని అమ్మ సల్ల మిరపకాయలు కూడా పెట్టింది. ఏనుమాముల మార్కెట్టులో మిర్చి రాశుల నడుమ పెరిగిన మనిషి. పగలంతా బాల్కనీలో గలగలమనేలా ఎండిన కాయలు రాత్రి తేమకు ఉప్పు నీరై, తెల్లవారేసరికి పళ్ళెంలో మెత్తగా నాని ఉండేవి. "ఎండ గింత కొడుతుంటె మిర్పకాయ ఎండదేంది? గిదేం ఊరు బిడ్డా!" అని ఆమె విసుక్కున్నది. మీరు అడిగిన ఎండ ప్రశ్నకు ఇంతకంటే సరైన జవాబు నా దగ్గర లేదు.

ఊరి కట్టుబడికి మాత్రం వంక పెట్టలేను. 1975లో సౌదీ ప్రభుత్వ సంస్థ రాయల్ కమిషన్ ఏర్పడిన తరువాత ఎడారి తీరాన గీత గీసి కట్టిన నగరం అది. ఫ్యాక్టరీలు ఒక వైపు, ఇళ్ళు మరొక వైపు. చెట్లకు పోసేది శుద్ధి చేసిన మురుగునీరు, తాగేది ఉప్పు తీసిన సముద్రపు నీరు. కాకతీయులు మట్టికోట, రాతికోట, కందకం, చెరువులతో పథకం వేసి కట్టిన ఊరే మన వరంగల్ కూడా. నాలాలను ఆక్రమించి ఇళ్ళు కట్టుకొని 2020 ఆగస్టులో కాలనీలకు కాలనీలు ముంచుకున్నది మనమే. కానీ జుబైల్ పటం గీసినవారు మనిషిని కారులోనే ఊహించారు. రోడ్డు విశాలంగా ఉంటుంది, పక్కన బాటా ఉంటుంది, దాని మీద నడిచేవాడే కనిపించడు. డ్రైవింగ్ లైసెన్సు చేతికొచ్చేదాకా ఇంటివాళ్ళు పాల ప్యాకెట్టుకు కూడా మీ కోసం ఎదురుచూడవలసిందే. సరసమైన అద్దెలు, మన కిరాణా దుకాణాలు కావాలంటే పాత ఊరు బలద్‌కు పోవాలి. ఒంటరిగా వచ్చినవాళ్ళలో చాలామంది ఉండేది అక్కడో, కంపెనీ క్యాంపులోనో.

ఇక ఖర్చు. జీతం మీద ఆదాయపు పన్ను లేదు, పెట్రోలు చవక, కూరగాయలు అంత ప్రియం కావు. ఊళ్ళో బంధువులు రియాల్‌ను రూపాయల్లోకి మార్చి లెక్క వేసేది ఇంతవరకే, ఆ వెంటనే తులం బంగారం మాట ఎత్తుతారు. వాళ్ళకు తెలియనిది కుటుంబ ఫీజు. మీ మీద ఆధారపడి ఉన్న ఒక్కొక్క మనిషికి నెలకు 100 రియాళ్ళతో 2017 జూలైలో మొదలుపెట్టి, ఏటా వంద పెంచుతూ 2020కి 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే ఏడాదికి 14,400 రియాళ్ళు అవుతుంది. కట్టకపోతే ఇకామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే పర్మిట్, రెన్యువల్ కాదు. అదే 2020 జూలైలో వ్యాట్ కూడా 5 నుంచి 15 శాతానికి పెరిగింది. ఆ లెక్క పడక ఇంటివాళ్ళను కరీంనగర్‌కు, నిజామాబాద్‌కు పంపించి, తాము వంటపాత్రలతో సహా షేరింగ్ గదికి మారినవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు. అందుచేత జుబైల్ చవక ఊరా అనే ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు ఉండదని నా అభిప్రాయం. ఇల్లు, బడి ఫీజు, కుటుంబ ఫీజు కంపెనీ భరిస్తే అది చవక ఊరు, మీరే భరిస్తే హైదరాబాద్‌లో ఉండడమే నయం.

కనుక ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఈ మూడూ ఎవరు కడతారో కాగితం మీద రాయించుకోండి. "అక్కడికి వచ్చాక చూద్దాం" అంటే ఇవ్వరని అర్థం. రాసిచ్చినా మొదట మీరొక్కరే వెళ్ళి, లైసెన్సు తెచ్చుకొని, ఇల్లు చూసి, నవంబరులో వాళ్ళను పిలిపించండి. అప్పటికి ఉక్కపోత తగ్గుతుంది. జనవరి రాత్రులకు స్వెట్టర్లు కూడా కావాలి, అవి మన ఊరి నుంచే తెచ్చుకోమనండి.