మా బాబు 'రా'లో చేరతానంటున్నాడు, ఇంటర్ తర్వాత ఏం చదివించాలి?

ఖమ్మం నుంచి ఒక తల్లి పంపిన మెసేజ్, కొంచెం కుదించి ఇస్తున్నాను: "సార్, మా బాబు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. రా ఏజెంట్ అవుతా, ఇంజినీరింగ్ నాకొద్దు అని పట్టుబట్టి కూర్చున్నాడు, ఎప్‌సెట్ అప్లికేషన్ కూడా పెట్టనంటున్నాడు. ఆన్‌లైన్‌లో ఎవరో రా సెలెక్షన్ కోచింగ్ అని 18 వేలు అడుగుతున్నారు, సర్టిఫికెట్ కూడా ఇస్తారట. వాళ్ళ నాన్న ససేమిరా అంటున్నారు. అసలు ఆ ఉద్యోగం ఎలా వస్తుంది? ప్రాణాల మీదకి వచ్చే పనా?"

అమ్మా, ముందు ఆ డబ్బు సంగతి. కట్టకండి. రా అంటే బయటి దేశాల సమాచారం సేకరించే మన ప్రభుత్వ గూఢచార సంస్థ, దానికి సెలెక్ట్ చేయించే కోచింగ్ అనేది లేదు, వాళ్ళిచ్చే సర్టిఫికెట్ ఎక్కడా చెల్లదు. బాబు ఇప్పటికే ఏమైనా పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఆధార్, మార్కుల మెమో ఫోటోలు పంపి ఉంటే ఆ మాట కూడా వాళ్ళకి చెప్పండి.

ఇక అసలు విషయం. బాబు కోరికని తీసిపారేయకండి, మంచి కోరికే. కాకపోతే వాడి మనసులో ఉన్న ఉద్యోగం వేరు, అక్కడ నిజంగా జరిగే పని వేరు, అది తెలిస్తే ఎప్‌సెట్ ఎందుకు రాయాలో వాడికే అర్థమవుతుంది.

1968 దాకా మనకి లోపలి నిఘాకైనా విదేశీ సమాచారానికైనా ఇంటెలిజెన్స్ బ్యూరో ఒక్కటే ఉండేది. 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధాలు వచ్చినప్పుడు అవతలి సైన్యం ఏం చేస్తోందో మనకి అందాల్సినంత అందలేదు, దాంతో బయటి దేశాల పని చూడటానికి విడిగా ఒక సంస్థ కావాలని ఇందిరాగాంధీ ప్రభుత్వం 1968 సెప్టెంబర్ 21న రీసెర్చ్ అండ్ అనాలిసిస్ వింగ్, అంటే ఈ రా, పెట్టింది. మొదటి చీఫ్ రామేశ్వర్ నాథ్ కావ్. ఆయన గురించి బాబుకి తప్పకుండా చెప్పండి. 1940లో పోలీస్ సర్వీసులో చేరిన మనిషి, 1955లో ఆసియా, ఆఫ్రికా దేశాల బాండుంగ్ సదస్సుకి వెళ్తున్న 'కశ్మీర్ ప్రిన్సెస్' అనే ఎయిరిండియా విమానాన్ని బాంబు పెట్టి కూల్చేస్తే మన తరఫున ఆ దర్యాప్తు చూశారు, తర్వాత ఘనా దేశానికి ఇంటెలిజెన్స్ సంస్థ కట్టిపెట్టడానికి వెళ్ళారు. ఇంత చేసిన మనిషి ఫోటోలు వెతికితే వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని దొరుకుతాయి. సంస్థ పుట్టిన మూడేళ్ళకే బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది, పాకిస్తాన్ సైన్యంతో పోరాడిన బంగ్లాదేశ్ విమోచన దళం ముక్తివాహినికి అండగా నిలబడటంలో రా పాత్ర పెద్దది. అలాగని ఎప్పుడూ వెలుగే కాదు, 1977లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం వచ్చాక సంస్థకి కోతలు పడ్డాయి, కావ్ తప్పుకున్నారు.

ఇది పోలీస్ డిపార్ట్‌మెంట్ లాంటిది కాదమ్మా, వీళ్ళకి ఎవర్నీ అరెస్ట్ చేసే అధికారం లేదు. కేబినెట్ సెక్రటేరియట్ కింద ఒక విభాగం ఇది, చీఫ్ హోదా సెక్రటరీ (రీసెర్చ్), రిపోర్టులు జాతీయ భద్రతా సలహాదారుకి, ప్రధానికి వెళ్తాయి. పార్లమెంటు చట్టం చేసి పెట్టిన సంస్థ కూడా కాదు, సమాచార హక్కు చట్టం మామూలుగా దీనికి వర్తించదు, అవినీతి, మానవ హక్కుల ఆరోపణలుంటే తప్ప.

రోజువారీ పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెప్తాను. 1999 కార్గిల్ అప్పుడు కొండల మీద ఉన్నది మా సైన్యం కాదు, ముజాహిదీన్లు అని పాకిస్తాన్ వాదిస్తోంది. మే 26న, 29న వాళ్ళ ఆర్మీ చీఫ్ ముషారఫ్ బీజింగ్‌లో ఉండి రావల్పిండిలో ఉన్న తన కింది అధికారి జనరల్ అజీజ్‌తో ఫోన్లో మాట్లాడాడు, ఆ మాటలు రా పట్టుకుంది, జూన్ 11న మన ప్రభుత్వం టేపుల్నే బయటపెట్టింది. ఆ దెబ్బతో పాకిస్తాన్ మాట ఎవరూ నమ్మని పరిస్థితి వచ్చింది. ఇందులో తుపాకీ ఎక్కడుందో చూడండి. సిగ్నల్ పట్టడం తెలిసిన ఇంజినీర్లు కావాలి, ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టేవాళ్ళు కావాలి, సగం సగం మాటల్లో మాట్లాడుకుంటున్న దానికి అర్థం ఏంటో ఆ సైన్యం గురించి ఏళ్ళ తరబడి చదివి చెప్పగలిగేవాళ్ళు కావాలి. ఒక దేశానికి సంబంధించిన డెస్క్ మీద కూర్చుంటే అక్కడి పేపర్లు, బడ్జెట్, ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరిని పక్కన పెట్టారు, ఇవన్నీ చదువుతూనే ఉండాలి, అందులో తొంభై పాళ్ళు ఎందుకూ పనికిరాకపోయినా ఓపికగా చదవాలి. మీ బాబుకి చదవడం ఇష్టమా అమ్మా? నిజం చెప్పాలంటే మీ మెసేజ్ చూడగానే నాకు మొదట వచ్చిన ప్రశ్న అదే.

దారులు చెప్తాను. ఒకటి సివిల్స్. యూపీఎస్సీ సర్వీసుల లిస్టులో రా అనే పేరు వెతకొద్దు, ఉండదు. ఐపీఎస్, ఐఆర్ఎస్ లాంటి సర్వీసుల నుంచి, సైన్యం నుంచి డెప్యుటేషన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా, తీసుకుంటారు, సంస్థకి సొంతంగా రీసెర్చ్ అండ్ అనాలిసిస్ సర్వీస్ అనే కేడర్ కూడా ఉంది. ఐపీఎస్ వాళ్ళకి ట్రైనింగ్ మన హైదరాబాద్‌లోనే, శివరాంపల్లి దగ్గర పటేల్ పోలీస్ అకాడమీలో. కానీ ఐపీఎస్ వచ్చినంత మాత్రాన రాలోకి వెళ్తారన్న గ్యారంటీ లేదు, సంస్థకి ఆ మనిషి కావాలి, ఆ మనిషికి ఆ పని నచ్చాలి.

రెండోది, మీ బాబుకి నేరుగా పనికొచ్చేది, గేట్, ఇంజినీరింగ్ చదివినవాళ్ళు రాసే జాతీయ పరీక్ష. కేబినెట్ సెక్రటేరియట్ డెప్యూటీ ఫీల్డ్ ఆఫీసర్ (టెక్నికల్) అని నోటిఫికేషన్ ఇస్తోంది, 2025లో 250 పోస్టులు, అందులో కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి 124, ఎలక్ట్రానిక్స్ వాళ్ళకి 95. బీటెక్ గానీ సంబంధిత సబ్జెక్టులో ఎమ్మెస్సీ గానీ ఉండాలి, గేట్ స్కోర్ ఉండాలి, వయసు 30 దాటకూడదు, జీతం లెవెల్ 7, అంటే మొదటి బేసిక్ 44,900. అప్లికేషన్ ఆన్‌లైన్ కాదు, నింపి ఢిల్లీ లోధి రోడ్ హెడ్ పోస్టాఫీసులో ఒక పోస్ట్ బ్యాగ్ నంబరుకి పోస్టులో పంపాలి! ఆ నోటిఫికేషన్లో రా అనే మాట కనపడదు, సెక్రటేరియట్ పేరే ఉంటుంది. ఇంజినీరింగ్ వద్దంటున్న పిల్లాడికి ఈ కాగితం ప్రింట్ తీసి చూపించండి, నేను గంట సేపు చెప్పినదానికంటే బాగా పనిచేస్తుంది.

మూడోది భాష. అరబిక్, చైనీస్, పర్షియన్, పష్తో లాంటివి బాగా వచ్చినవాళ్ళు మన దగ్గర తక్కువ. జేఎన్‌యూలో ఇంటర్ తర్వాత నేరుగా ఫారిన్ లాంగ్వేజెస్‌లో బీఏ ఆనర్స్ ఉంది, దానికి సీయూఈటీ అనే సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో అరబిక్, రష్యన్, ఫ్రెంచ్ లాంటివి నేర్పుతారు. రా రాకపోయినా భాష చేతిలో ఉంటే ఉద్యోగానికి లోటుండదు, అందుకే ఇది నాకు చాలా ఇష్టమైన దారి. బీటెక్ చేస్తూ పక్కన ఒక భాష పట్టుకున్నా మేలే.

ఇంటెలిజెన్స్ బ్యూరో ఏసీఐఓ (అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్) పరీక్షని కూడా పిల్లలు రా అనుకుంటున్నారు, అది హోం శాఖ కింద దేశం లోపలి నిఘా. ఎన్‌ఐఏ వేరు, అది జాతీయ దర్యాప్తు సంస్థ, 26/11 ముంబై దాడుల తర్వాత పెట్టింది, కేసులు పట్టి కోర్టుకి తీసుకెళ్తుంది.

ప్రమాదం అడిగారు. ఎక్కువమంది ఢిల్లీ ఆఫీసుల్లోనే ఉంటారు, బయటి దేశాల్లో ఉండేవాళ్ళలో చాలామంది ఎంబసీల్లో దౌత్య హోదాలో ఉంటారు, బయటపడితే ఆ దేశం వెనక్కి పంపేస్తుంది. దౌత్య హోదా లేకుండా చేసేవాళ్ళకి మాత్రం ప్రమాదం నిజంగానే ఎక్కువ, అది దాచను. నేను ఎక్కువగా ఆలోచించమనేది వేరే. అఫీషియల్ సీక్రెట్స్ చట్టం ఉంది, ఇంటెలిజెన్స్ సంస్థల ఉద్యోగుల హక్కులకి పరిమితులు పెట్టిన 1985 చట్టం ప్రకారం యూనియన్ పెట్టకూడదు, ప్రెస్‌తో మాట్లాడకూడదు, 2021 రూల్ వచ్చాక రిటైరయ్యాక కూడా సంస్థ పని గురించి రాయాలంటే ముందు పర్మిషన్ తీసుకోవాలి. కొడుకు ఏం సాధించాడో మీకు ఎప్పటికీ తెలియకపోవచ్చు అమ్మా, మీరు చుట్టాలకి చెప్పుకోలేరు, వాడు పెళ్ళాంతో కూడా చెప్పుకోలేడు. 2004లో రబీందర్ సింగ్ అనే జాయింట్ సెక్రటరీ స్థాయి అధికారి నిఘాలో ఉండగానే నేపాల్ మీదుగా అమెరికా వెళ్ళిపోయాడు, అలాంటి దెబ్బలు తిన్న సంస్థ కాబట్టి ఎవర్ని చేర్చుకోవాలన్నా పూర్వాపరాలన్నీ తవ్వి చూస్తుంది. బాబు ఇన్‌స్టా బయోలో "ఫ్యూచర్ రా ఏజెంట్" అని పెట్టుకుని ఉంటే ఈ రోజే తీయించేయండి.

వాళ్ళ నాన్నగారిని, బాబుని ఎదురెదురుగా కూర్చోబెట్టి, "ఈసీఈ గానీ సీఎస్ఈ గానీ చదువు, మూడో ఏడాది నుంచి గేట్‌కి ప్రిపేర్ అవ్వు, పక్కన ఒక భాష నేర్చుకో, నీ కోరికకి మేం అడ్డు రాం" అని ఇద్దరి ముందూ చెప్పండి. ఎప్‌సెట్ అప్లికేషన్ లాస్ట్ డేట్ లోపు పెట్టించండి. మ్యాథ్స్, ఫిజిక్స్‌లో ఫస్టియర్ మార్కులు ఎంతో, ఇంగ్లిష్ ఎలా ఉందో రాసి పంపండి, బ్రాంచ్, కాలేజీల సంగతి అప్పుడు మాట్లాడదాం.