మావోడు ఇంట్లోనే సర్వర్లు నడుపుతున్నాడు, ఇది ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: మాది దేవరకొండ, ఫొటో స్టూడియో నడుపుతాను. మా అబ్బాయి నల్లగొండ హాస్టల్లో ఉండి బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. హోమ్‌ల్యాబ్ (సర్వర్లు నడపడం ఇంట్లోనే నేర్చుకునే ఏర్పాటు) అంటూ పాత కంప్యూటర్లు మూడు తెచ్చి ఇంట్లో పెట్టాడు. అవి రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి. కరెంటు బిల్లు పెరిగింది, ఒక సబ్జెక్టు మిగిలిపోయింది. ఇప్పుడు కంపెనీల్లో వాడే ర్యాక్ సర్వర్ సెకండ్‌హ్యాండ్‌లో కొంటానని 40 వేలు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: మీ అబ్బాయి చేస్తున్న పని ఉద్యోగానికి తప్పకుండా పనికొస్తుందండీ. ర్యాక్ సర్వర్ మాత్రం కొనివ్వకండి.

ముందు కరెంటు సంగతి చూద్దాం, మీ టెన్షన్ అక్కడే మొదలైంది కదా. పాత డెస్క్‌టాప్ ఏ పనీ చేయకుండా ఆన్‌లో ఉన్నా 60 వాట్ల దాకా లాగుతుంది. అంటే రోజుకు దాదాపు ఒకటిన్నర యూనిట్, నెలకు 43 యూనిట్లు. మూడింటికీ కలిపి 130 యూనిట్లు. మీరు గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం కింద ఉంటే 200 యూనిట్లు దాటిన నెల బిల్లు మొత్తం మీరే కట్టాలి. ర్యాక్ సర్వర్ ఒక్కటే 120 వాట్లు సునాయాసంగా తింటుంది. దాని ఫ్యాన్ల మోత అదనం. మన ఎండాకాలంలో ఆ వేడిని ఇంట్లో భరించలేరు.

దానికి బదులు, ఆఫీసుల్లో వాడి తీసేసిన మినీ పీసీ ఒకటి కొనుక్కోమనండి. ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ ఉంటే చాలు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో దొరుకుతాయి, మీ వాడు అడిగిన డబ్బులో సగంలోపే అయిపోతుంది. పని తక్కువున్నప్పుడు అది 15 వాట్లు కూడా దాటదు, నెలకు 11 యూనిట్లు. అందులో ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఒక్క పెట్టెలోనే నాలుగైదు వర్చువల్ మెషీన్లు, అంటే వేర్వేరు కంప్యూటర్లలా పనిచేసేవి, నడుస్తాయి. ఇప్పుడున్న మూడింటి పనీ అదే చేస్తుంది. మిగిలిన డబ్బులో ఒక యూపీఎస్ తప్పనిసరిగా తీసుకోండి. కరెంటు ఠపీమని పోతే డిస్కులోని ఫైళ్లు పాడవుతాయి. బ్యాటరీ అయిపోవస్తుంటే మెషీన్ తనంతట తానే సక్రమంగా షట్‌డౌన్ అయ్యేలా సెట్ చేయడం మీ వాడికి మంచి పాఠం.

ఇక అసలు సంగతి. మీరు చిన్నగా చెప్పి వదిలేశారు గానీ, మీ ఫొటో స్టూడియో మీ అబ్బాయికి దొరికిన గొప్ప అవకాశం. సొంత ల్యాబ్‌లో ఏది ఆగిపోయినా అడిగేవాడుండడు. స్టూడియోలో ఒక పెళ్లి వీడియో పోతే ఆ కుటుంబానికి ఏం జవాబు చెబుతారు? చాలా స్టూడియోల్లో పాత హార్డ్‌డిస్కులు బీరువాలో పేర్చి ఉంటాయి, వాటిలో ఏది బతికుందో తెలియదు. ఆ ఫైళ్ల బాధ్యత మీ వాడికి అప్పజెప్పండి. ప్రతి పెళ్లీ మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద, ఒక కాపీ మాత్రం వేరే ఊళ్లో, చుట్టాలింట్లోనైనా సరే. రెండు డిస్కులను మిర్రర్ చేసి, అంటే ఒకదాంట్లో ఏం మారినా రెండోదాంట్లోనూ వెంటనే మారేలా పెట్టి, అదే బ్యాకప్ అనుకుంటారు చాలామంది. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండింట్లోనూ ఒకేసారి పోతుంది. విడిగా కాపీలు తీశాక కూడా నెలకోసారి ఏదో ఒక పెళ్లిని ఎంచుకుని, బ్యాకప్ నుంచి వేరే కంప్యూటర్లోకి వెనక్కి తెచ్చి, వీడియో ఆడించి చూడమనండి. కంపెనీల్లోనూ బ్యాకప్ తీసేవాళ్లున్నంత మంది దాన్ని వెనక్కి తెచ్చి చూసేవాళ్లుండరు.

ఈ పనిలో నెట్‌వర్క్ పని కూడా దానంతటదే వస్తుంది. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) లైన్ మీద ఒక టీబీ ఫుటేజ్ రెండున్నర గంటల్లో వెళ్తుంది. అదే కేబుల్లో ఎనిమిది తీగల్లో ఒక్కటి కనెక్టర్లో సరిగా బిగించి (క్రింప్ చేసి) ఉండకపోతే లైన్ 100 ఎంబీపీఎస్‌కు పడిపోవచ్చు. ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు, కాపీ మాత్రం రోజంతా నడుస్తుంది. కొత్త సర్వర్ కావాలనిపించేది ఇలాంటప్పుడే. నెట్‌వర్క్ స్విచ్ మీద లైటు రంగు చూసి, కనెక్టర్ కోసి మళ్లీ వేసినవాడు ఇంటర్వ్యూలో ఆ ఒక్క సంగతి మీద పది నిమిషాలు మాట్లాడగలడు. కేబుల్ కొనేటప్పుడు రాగి పూత వేసిన అల్యూమినియం కాకుండా అసలు రాగితో చేసిన క్యాట్6 రకం అడగమనండి.

సీసీ కెమెరాలు, కస్టమర్ల ఫోన్లు, పెళ్లి ఫైళ్లు అన్నీ ఒకే వైఫైలో ఉంటే వాటిని వీల్యాన్లతో, అంటే ఒకే నెట్‌వర్క్‌ను విడి భాగాలు చేసే సెట్టింగుతో, వేరు చేయాలి. హాస్టల్ నుంచి ఇంటి మెషీన్లు చూసుకోవడానికి రూటర్లో పోర్టులు (బయటి నుంచి లోపలికి వచ్చే దారులు) బార్లా తెరవకూడదు, వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్, అంటే తాళం వేసిన సొంత దారి, పెట్టుకోవాలి.

చేసిన ప్రతి మార్పూ ఒక నోట్‌బుక్కులో రాయించండి: ఏం ఆగింది, ఏం అనుమానించాడు, చివరికి ఎక్కడ దొరికింది. రెజ్యూమెలో సాఫ్ట్‌వేర్ల పేర్లు అందరూ రాస్తారు. 8.8.8.8 అనే గూగుల్ చిరునామాకు పింగ్ వెళ్తోంది (అంటే నెట్ ఉంది), వెబ్‌సైటు తెరుచుకోవట్లేదు, ఎక్కడ చూస్తావు అని అడిగితే, ముందు డీఎన్‌ఎస్ (వెబ్‌సైటు పేరును నంబర్ల చిరునామాగా మార్చేది) అని తడుముకోకుండా చెప్పేది ఆ నోట్‌బుక్కు రాసినవాడే. కొత్త వస్తువు అడిగినప్పుడు కూడా అదే తెరిచి, ఉన్నదాంతో ఏ పని ఆగిందో చూపించమనండి. చూపిస్తే సంతోషంగా కొనివ్వండి.

ఉద్యోగాల విషయానికొస్తే, అమెజాన్ క్లౌడ్ సంస్థ అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాద్‌ రీజియన్‌ను, అంటే తన డేటా సెంటర్ల సముదాయాన్ని, ప్రారంభించింది. డేటా సెంటర్లలో టెక్నీషియన్, నెట్‌వర్క్ ఆపరేషన్స్, లైనక్స్ అడ్మిన్, ఇవే మీ వాడు చూడాల్సిన పనులు. మొదట్లో జీతం తక్కువే ఉండవచ్చు, నైట్ షిఫ్టులు ఉంటాయి. మీరు ముందే మనసులో పెట్టుకోండి.

మిగిలిపోయిన సబ్జెక్టు (బ్యాక్‌లాగ్) విషయంలో మాత్రం మెత్తగా ఉండకండి. చాలా కంపెనీలు దాన్ని చూసే రెజ్యూమె పక్కన పెడతాయి, ఇంట్లో ఏం చేశాడో చెప్పే అవకాశం కూడా రాదు. మినీ పీసీ ఆ సబ్జెక్టు పాసయ్యాకే.

సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ పరీక్ష) రాస్తానని అడిగినా తొందరపడి ఫీజు కట్టకండి. అది 300 డాలర్లు, పైగా సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది. ఇప్పుడే రాస్తే ఉద్యోగంలో కుదురుకునే వేళకు గడువు దగ్గర పడుతుంది. కంప్యూటర్లోనే నెట్‌వర్క్‌లు కట్టి చూసే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, ఈ ఏడాదంతా దాంట్లో సబ్‌నెటింగ్ (నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడగొట్టడం), రూటింగ్ (వాటి మధ్య దారి చూపడం) సాధన చేసి, పరీక్ష మూడో సంవత్సరం చివర్లో రాస్తే సరిపోతుంది.