గింజ దూసే ముందు కణుపు చూడు

బంగారూ,

నీ తోటకు మన అడవి గడ్డి విత్తనాలు ఏరడానికి, ఏది ఏ గడ్డో చెప్పమని నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. అన్నిట్లోనూ ఆకులే ఉన్నాయమ్మా. ఇన్నేళ్ళు నల్లమల అంచుల్లో తిరిగాను కదా, అయినా ఉత్త ఆకు చూసి ఇది ఫలానా గడ్డి అని నేను చెప్పలేను. ఎవరైనా చెప్పినా నమ్మకు.

మీ తాతయ్య వరి నారులో ఊద కలుపు ఎలా ఏరేవారో గుర్తుందా? ఆకు విడివడి కాడకు దూరమయ్యే చోట వేలితో వంచి చూసేవారు. వరికి అక్కడ తెల్లటి పొర చిన్న నాలుకలా లేచి ఉంటుంది, ఊదకు ఏమీ ఉండదు, బోసిగా ఉంటుంది. అడవిలోనూ అదే పద్ధతి. కొన్నింటికి అక్కడ పొర, కొన్నింటికి సన్నటి నూగు వరస. ఫోటో తీసేటప్పుడు ముందు ఆ చోటు తియ్యి, తర్వాత కణుపు, తర్వాత కంకి, చివర్న మొత్తం దుబ్బు.

అసలు అది గడ్డేనా కాదా అన్నది మొదట తేల్చుకోవాలి. కాడను రెండు వేళ్ళ మధ్య పెట్టి దొర్లించు. మూడు పలకలుగా తగిలి, కణుపులు కనిపించకపోతే చాలావరకు తుంగ జాతి. పైనుంచి చూస్తే తుంగ ఆకులు మూడు వైపులకు పోతాయి, గడ్డి ఆకులు రెండు వైపులకే. తుంగ గింజ చిన్న గట్టి కాయలా ఉంటుంది, గోటితో నొక్కితే లొంగదు. గడ్డి గింజ మన వడ్లలాగే పొట్టులో ఉంటుంది.

నీ మూడో ఫోటో చూసి నాకు చాలా సంతోషం వేసింది. అది గడ్డీ కాదు, తుంగా కాదు, నేలతాడి! మడతలు మడతలుగా ఆకులు, అచ్చం ఈత పిల్ల మొలిచినట్టు. వానలు పడ్డాక దాని మొదట్లో నేలకు ఆనుకుని పసుపుపచ్చ నక్షత్రాల్లాంటి పూలు పూస్తాయి. కాయ కోసం పైన వెతికితే దొరకదు, మొదలు దగ్గర మట్టి, ఎండుటాకులు మెల్లగా పక్కకు తియ్యాలి. గింజలు నల్లగా మెరుస్తాయి, ఒక చివర చిన్న ముక్కు ఉంటుంది, పైన వంకర గీతలు. దయచేసి దుంప మాత్రం తవ్వకు, మందు కోసమని ఇప్పటికే దాన్ని చాలా తవ్వేస్తున్నారు.

ఇక నీ చీర కుచ్చిళ్ళకు గుచ్చుకున్నదన్నావే, ఆ ముళ్ళ గడ్డి పేరు శాస్త్రంలో హెటెరోపోగాన్ కంటార్టస్. ముదిరాక దాని నల్లటి ముళ్ళన్నీ ఒకదానికొకటి జడలా మెలేసుకుంటాయి. ఒక గింజ విడదీసి తడి అరచేతిలో పెట్టుకుని చూడు, ముల్లు మెల్లగా తిరగడం మొదలుపెడుతుంది. తడికి విప్పుకుంటుంది, ఆరితే మళ్ళీ మెలికపడుతుంది, ఆ తిరుగుడుతోనే గింజ నేలలోకి దిగుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. ఒక్క మాట గుర్తుంచుకో, ముల్లు ఉన్నవాటిలోనే గింజ ఉంటుంది. కంకి అడుగున ముల్లు లేని వాటిని ఎంత ఏరినా మొలకలు రావు. ఆ గింజ కూడా కోసిన వెంటనే మొలవదు, కొన్ని నెలలు నిద్రపోతుంది. పాడైపోయిందని పారెయ్యకు.

గుడిసెల కప్పుకు వేసే బోద గడ్డిని నలిపి వాసన చూడు, నిమ్మగడ్డి చుట్టమని తెలిసిపోతుంది. దాన్లోనూ పొట్టే ఎక్కువ. ఒక సంవత్సరం నేను రెండు గోనె సంచుల నిండా దూసి తెచ్చి, ఆరబెట్టకుండా ప్లాస్టిక్ కవర్లలో కట్టాను, బూజు పట్టి మొత్తం పోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. నీడన ఆరబెట్టు, కాగితం కవర్లో వెయ్యి, పైన తేదీ, ఊరు, ఏ చెట్టు నీడన ఉందో రాయి. ప్రతి కవర్‌తో పాటు ఆ దుబ్బులోంచే ఒక పూర్తి కాడ, కంకితో సహా, పాత పేపర్లో అదిమి పెట్టు. తల్లి మొక్క లేని గింజకు పేరు పెట్టడం చాలా కష్టం.

గినీ గడ్డి దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. అది ఆఫ్రికా నుంచి మేత కోసం తెచ్చింది, చెట్ల నీడన కూడా కమ్మేస్తుంది. కంకి అడుగున కొమ్మలు చుట్టూ గుత్తిగా లేస్తాయి, లోపలి గింజ మీద లెన్స్‌తో చూస్తే అడ్డంగా సన్నటి ముడతలు కనిపిస్తాయి. మన గడ్డి విత్తనంలో ఇది కలిసిందంటే నీ తోట చేజారినట్టే.

పులుల అభయారణ్యం లోపల అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క కంకి కూడా తెంపకూడదు. బయట మన ఊరి గుట్టలు చాలు. పేర్ల కోసం చెంచు పెంటల్లో, అంటే వాళ్ళ గూడేల్లో, పెద్దవాళ్ళను అడుగు, నాకు తెలిసిన వాటిలో సగం వాళ్ళు నేర్పినవే. చెప్పింది చెప్పినట్టే రాసుకో, సరిదిద్దకు.

కార్తీకంలో రా, అప్పటికి కంకులు ముదురుతాయి. చీర వద్దు, నున్నటి బట్ట ప్యాంటు వేసుకో. లెన్స్ నా దగ్గరుంది, పాత పేపర్లు నువ్వు తీసుకురా.

నీ పెద్దమ్మ