కెమెరా సందేహాలు: మూలల్లో నలుపు, వీడియోలో మిణుకు

ప్రశ్న: మెరీనాలో పొద్దుపొడుపు టైమ్‌లాప్స్ (వరుస ఫొటోలు కలిపి చేసే వీడియో) తీశాను. 18–55 మి.మీ. కిట్ లెన్స్, 18 దగ్గర, ఎఫ్/8. ముందు యూవీ ఫిల్టర్, దాని మీద వేరియబుల్ ఎన్‌డీ (తిప్పితే వెలుతురు తగ్గించే ఫిల్టర్). నాలుగు మూలలూ నల్లబడ్డాయి. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్‌లో లెన్స్ ప్రొఫైల్ (లెన్స్ లోపాలను దిద్దే సెట్టింగ్) పెట్టినా పూర్తిగా పోలేదు. పైగా వీడియో సన్నగా మిణుకుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులండీ. ముందు నలుపు సంగతి చూద్దాం. తెల్ల గోడను 18 దగ్గర ఎఫ్/3.5, 5.6, 8లలో ఫిల్టర్లతో ఒకసారి, తీసేసి ఒకసారి తీయండి. అపర్చర్ (లెన్స్ లోపలి వెలుతురు రంధ్రం) మూసేకొద్దీ, అంటే ఎఫ్ అంకె పెరిగేకొద్దీ, తగ్గే నలుపు లెన్స్‌ది. తగ్గకపోగా అంచు ఇంకా పదునుగా కనిపిస్తే అది ఫిల్టర్ రింగుది. ప్రొఫైల్ తయారయ్యేది ఒట్టి లెన్స్‌కే, మీ రింగుల సంగతి దానికి తెలియదు. అందుకే పూర్తిగా పోలేదు.

యూవీ తీసేయండి. అప్పటికీ రింగు ఫ్రేములో తగిలితే స్టెప్‌అప్ రింగు వేసి పెద్ద ఫిల్టర్ బిగించండి, లేదా జూమ్‌ను 20–22కి జరపండి. వేరియబుల్ ఎన్‌డీ మాత్రం వైడ్‌లో వద్దు. అది ఒకదానిమీద ఒకటి పెట్టిన రెండు పోలరైజర్లు, బాగా తిప్పితే ఆకాశంలో ఇంటూ గుర్తులా మచ్చ పడుతుంది. అసలు పొద్దు పొడవకముందు వెలుతురే తక్కువ, ఎన్‌డీ దేనికి?

మిగిలిన నలుపుకి ఫ్లాట్ ఫ్రేమ్ (నలుపు ఎక్కడెంతో చూపే, అంతటా ఒకే వెలుగున్న ఖాళీ ఫొటో) మంచి మందు. సీక్వెన్స్ అయ్యాక జూమ్, ఫోకస్, అపర్చర్ కదపకుండా లెన్స్ మూతి మీద ట్రేసింగ్ పేపర్ రెండు మడతలు పరిచి, సూర్యుడు లేని అవతలి వైపు ఆకాశం చూపించి ఐదారు ఫ్రేములు తీయండి. హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగును చూపే గ్రాఫ్) గుట్ట మధ్యలో ఉండాలి. ఇంట్లో ఎల్‌ఈడీ కింద తీస్తే చిక్కే: మన 50 హెర్ట్జ్ కరెంటుకి చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. తప్పకపోతే షట్టర్ 1/25 లేదా ఇంకా నెమ్మదిగా పెట్టండి. లైట్‌రూమ్ క్లాసిక్‌లో లైబ్రరీ మెనూలోని ఫ్లాట్ ఫీల్డ్ కరెక్షన్ వాడండి. ఆ తర్వాత ప్రొఫైల్‌లో విగ్నెటింగ్ (మూలల నలుపు) స్లైడర్‌ను సున్నా చేయాలి, లేకుంటే ఒకే నలుపుని రెండుసార్లు దిద్ది మూలలు తెల్లబడతాయి. ఇదంతా రా ఫైళ్లకే (కెమెరా దిద్దకుండా దాచేవి). మూలను 2 స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) లేపడమంటే అక్కడ వెలుగును 4 రెట్లు చేయడం, నాయిస్ కూడా పైకి తేలుతుంది. అర స్టాపు నలుపు వదిలేసినా కంటికి ఇబ్బందేమీ ఉండదు.

ఇక మిణుకు. ఎఫ్/8లో ప్రతి ఫ్రేముకీ అపర్చర్ బ్లేడ్లు మూసుకుని తెరుచుకుంటాయి, ప్రతిసారీ సరిగ్గా అక్కడే ఆగవు. లెన్స్ పూర్తిగా తెరుచుకునే ఎఫ్/3.5లో తీస్తే అవి కదలవు. నలుపు ఎక్కువైనా అన్ని ఫ్రేముల్లో ఒకేలా ఉంటుంది కాబట్టి ఒక్క దిద్దుబాటు అన్నిటికీ సరిపోతుంది. చేత్తో తిప్పే అపర్చర్ రింగున్న పాత లెన్స్ దొరికితే ఎఫ్/8 కూడా వాడుకోవచ్చు. మాన్యువల్ మోడ్‌లో ఉంచి, వెలుతురు పెరిగేకొద్దీ షట్టర్, ఐఎస్‌ఓ మాత్రమే మార్చండి. ఆటో వైట్ బ్యాలెన్స్, ఆటోఫోకస్, స్టెబిలైజర్ ఆపేయండి. స్టెబిలైజర్ లోపలి గాజును జరిపితే నలుపు కూడా దానితోపాటు జరుగుతుంది.

ప్రశ్న: ఎడిటింగ్‌లో పాన్ వేస్తే (క్రాప్‌ను పక్కకి జరిపితే) మూల నలుపు తెరమీద నడుస్తోంది?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: దిద్దకుండా క్రాప్ కదిపినందుకే. ముందు ఫ్రేములన్నిటికీ దిద్దుబాటు, ఆ తర్వాతే పాన్. అందం కోసం నలుపు కావాలనుకుంటే పాన్ అయిపోయిన క్లిప్ మీద చివర్లో వేయండి.